ఆ అమ్మాయి పాత్ర కొత్తవాళ్లకే ఇవ్వు రా

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. స్క్రిప్టు పూర్తయిందని చదవగానే ఎంత సంతోషమేసిందో! మూడేళ్లుగా ఆ కథని మోస్తున్నావు. కానీ చివర్లో రాసిన మాట దగ్గర ఆగిపోయాను. కూతురి పాత్రకి కొత్తమ్మాయిని తీసుకోవాలని ఉంది గానీ ధైర్యం చాలట్లేదు, తెలిసిన ముఖమైతే సేఫ్ అన్నావు. ఈ ఉత్తరమంతా దాని గురించే, ఓపిగ్గా చదువు.

తెలిసిన ముఖం ఉంటే డబ్బు పెట్టేవాళ్లకి ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ మన బడ్జెట్‌కి దొరికే తెలిసిన ముఖం నాలుగు రోజుల డేట్స్ ఇస్తుంది, రిహార్సల్‌కి తీరికుండదు. కొత్తవాళ్లయితే నెలంతా నీతో కూర్చుంటారు. చిన్న సినిమాకి ఉన్న ఆస్తి టైమొక్కటే కదరా.

పోయినేడాది నేను కాస్టింగ్ చూసిన సినిమా సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. నర్సు పాత్రకి ఆడిషన్ పెట్టాం. ఒకావిడ వచ్చింది, ఎప్పుడూ నటించలేదట. కెమెరా ముందు నిలబడగానే బిగుసుకుపోయింది. డైలాగులు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నేను థాంక్స్ చెప్పి తర్వాతి పేరు పిలిచేశాను. బయట బెంచీ మీద ఒక అమ్మాయి టెన్షన్‌తో చేతిలోని కాగితం నలిపేస్తోంది. ఈవిడ వెళ్తూ వెళ్తూ ఆ కాగితం తీసుకుని, మోకాలి మీద పెట్టి ముడతలు సాపు చేసి, మళ్లీ ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తలుపు సందులోంచి అది చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆవిడ వెళ్లిపోయేది.

వెనక్కి పిలిచాను. ఒక దుప్పటి ఇచ్చి, మడత పెడుతూ అదే సీను మీ మాటల్లో చెప్పండి అన్నాను. చేతులకి పని దొరికేసరికి గొంతు మారిపోయింది. ఆ పాత్ర ఆవిడే చేసింది. అంతకుముందు రెండు రోజుల్లో అలా ఎంతమందిని పంపేశానో అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. నేను పరీక్షించింది వాళ్ల నటనని కాదురా, కాగితం చూసి చదవడాన్ని.

అందుకే నీకు చెబుతున్నా, సీను ముందురోజే పంపు. ఎదుటి పాత్ర డైలాగులు చదవడానికి కాస్త నటన తెలిసినవాళ్లని కూర్చోబెట్టు, గోడకి చెప్పినట్టు చెప్పమంటే ఎవరికీ రాదు. మొదటి టేక్ చూసి తేల్చెయ్యకు. ఒక చిన్న మార్పు చెప్పి రెండోసారి చేయించు. ఆ మాట పట్టుకుని ఏ కాస్త మారినా చాలు, సెట్‌లో నీతో పనిచెయ్యగలరు. ఇంకోటి, వాళ్లు మాట్లాడేటప్పుడు కంటే వినేటప్పుడు ముఖం చూడు. నేను ఎక్కువ నమ్మేది దాన్నే.

సెట్ మీద ఇబ్బందులు ఉంటాయి, దాచను. కెమెరా కోసం నేల మీద పెట్టిన మార్క్ మీద నిలబడటం, కంటిన్యుటీ, అంటే ఏ టేక్‌లో ఏ చేత్తో గ్లాసు పట్టుకున్నారో గుర్తుంచుకోవడం, ఇవేవీ కొత్తవాళ్లకి తెలియవు. రెండు రోజుల వర్క్‌షాప్‌లో చాలావరకు వస్తాయి. ఏడుపు సీను మొదటి రోజు పెట్టకు. బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ అయితే వీలైనంతవరకు కథ నడిచే వరసలోనే తీసేవాడు, స్క్రిప్టు కొంచెం కొంచెంగా ఇచ్చేవాడు. తర్వాత ఏమవుతుందో తెలియని మనిషి ముఖంలో ఉండేది నటించి తెప్పించడం కష్టం. నీది ఒకే ఇంట్లో జరిగే కథ కాబట్టి ఆ వరస నీకు పెద్ద ఖర్చు కూడా కాదు.

తండ్రి పాత్రకి మాత్రం అనుభవం ఉన్నవాళ్లని పెట్టు. సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి'లో కుర్రాడు అపూగా చేసింది ఎప్పుడూ నటించని పిల్లాడు. అదే సినిమాలో ముసలావిడ చునీబాలా దేవి ఒకప్పటి నాటకాల నటి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లలా లేరూ!

ఇంకొక్కటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1948లో ఇటలీ దర్శకుడు డి సికా 'బైసికిల్ థీవ్స్' సినిమాకి ఒక ఫ్యాక్టరీ కార్మికుణ్ణి హీరోగా పెట్టాడు, లాంబెర్తో మజ్జొరాని. ప్రపంచమంతా మెచ్చుకుంది. తర్వాత ఆయనకి ఫ్యాక్టరీ పని పోయింది, సినిమాల్లో వచ్చినవి చిన్నాచితకా వేషాలు. అవకాశం ఇచ్చామని మనం మురిసిపోయి ఊరుకుంటే ఆ మనిషి ఏమవుతాడు? కాబట్టి ఆ అమ్మాయికి చదువో ఉద్యోగమో ఉంటే మానెయ్యనివ్వకు, షెడ్యూల్ నువ్వే సర్దుకో. ఎంత తక్కువైనా డబ్బు ఇవ్వు, ఎంతన్నది అగ్రిమెంట్‌లో రాయి. పేరు వస్తుంది కదా అని ఉచితంగా చేయించుకోవద్దు. ఎడిట్ అవ్వగానే తన సీన్లు రెండు మూడు కట్ చేసి ఇవ్వు, తర్వాతి ఆడిషన్‌కి అవే చూపించుకుంటుంది. ఆడిషన్‌కి డబ్బులు వసూలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ప్రకటనలోనే ఫీజు లేదని, తోడుగా ఎవరినైనా తెచ్చుకోవచ్చని రాయి. ఎంపిక కానివాళ్లకి కూడా రెండు లైన్ల మెసేజ్ పెట్టు. ఫోను చూసుకుంటూ వారాల తరబడి ఎదురుచూస్తారురా వాళ్లు.

ప్రకటన రాసి ముందు నాకు పంపు. వయసు, భాష, ఎన్ని రోజుల పని, ఎంత డబ్బు, అన్నీ అందులో ఉండాలి. ఆడిషన్ రోజున ఎదురు డైలాగులు చదవడానికి నేనొస్తాను. ఆ దుప్పటి కూడా తెస్తాను.

ఉంటానురా,
నీ స్నేహితుడు