అచ్చులు మింగే ఊరు నుంచి

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను పోర్చుగల్‌లోని ఈ లిస్బన్ వచ్చి నాలుగు నెలలైంది. ఫోన్లో రోజూ ఏదో ఒకటి పంపుతూనే ఉన్నా గానీ, ఈ సంగతి మాత్రం నీకు తీరిగ్గా రాయాలనిపించింది.

బ్రెజిల్‌లో, సావ్ పావులోలో మూడేళ్లుండి పోర్చుగీసు నేర్చుకున్నాను కదా. సంతలో బేరం దగ్గర్నుంచి ఆఫీసు మీటింగ్ దాకా అందులోనే నడిపాను. ఇప్పుడు ఆ భాష సొంతగడ్డకే వెళ్తున్నాను, ఇంక టెన్షన్ ఏముంది అనుకున్నా. మొదటి రోజు పొద్దున్నే కాఫీ కొట్టులో అమ్మాయి ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడోసారి నిదానంగా చెబితే తెలిసింది, అవన్నీ నాకు వచ్చిన మాటలే! మధ్యలో అచ్చులు మింగేసింది, అంతే.

బ్రెజిల్‌లో ‘తెలెఫోని’ అనే మాట ఇక్కడ దాదాపు ‘త్లఫోన్’. ‘పెకేను’, అంటే చిన్నది, ఇక్కడ ‘ప్కేను’. బ్రెజిల్ వాళ్లది దీనికి పూర్తిగా ఎదురు దారి. హల్లు మీద మాట ఆగితే వాళ్లకి నోట్లో ఏదో అడ్డుపడ్డట్టే ఉంటుంది, అందుకని చివర ‘ఇ’ తగిలిస్తారు. ఇంటర్నెట్ ‘ఇంతెర్నెచి’ అయింది. ఫేస్‌బుక్ ‘ఫెయ్సిబుకి’ అయింది. మనం బస్సు, కారు, పెన్ను అని ‘ఉ’ తగిలించుకోవట్లేదూ? నాకు బ్రెజిల్ మాట అంత తొందరగా పట్టుబడడానికి కారణం ఇదేనని ఇప్పుడు తోస్తోంది. అచ్చుతో ముగిసే భాషలో పెరిగిన చెవి కదా మనది. ‘తి’, ‘ది’ల దగ్గర కూడా తేడా ఉంది. శుభోదయం అక్కడ ‘బోం జీయ’, ఇక్కడ ‘బోం దీయ’.

వస్తువుల పేర్లు మారడం పెద్ద ఇబ్బంది కాలేదు. బస్సు బ్రెజిల్‌లో ‘ఓనిబుస్’, ఇక్కడ ‘అవ్తుకార్రు’, ఆఫ్రికాలో పోర్చుగీసు మాట్లాడే అంగోలాలో ‘మషింబొంబు’. నాలుగు రోజుల్లో అలవాటవుతాయి. కానీ మాట అదే ఉండి అర్థం మారితేనే కష్టం. ఈ నెల కూతురి ‘ప్రొపీన’ కట్టాలి అని ఆఫీసులో ఒకాయన అందరి ముందూ మామూలుగా అనేసరికి నాకు గుండె ఝల్లుమంది. బ్రెజిల్‌లో ఆ మాటకి లంచం అని అర్థం. ఇక్కడ అది యూనివర్సిటీ ఫీజు!

ఇంకో సంగతి మాత్రం నన్ను బాధపెట్టింది. సావ్ పావులోలో డాక్టరునీ, మేనేజరునీ, స్నేహితుణ్ణీ అందరినీ ‘వొసే’ అనేవాణ్ణి. ఇక్కడ పక్కింటి పెద్దావిణ్ణి అలాగే పిలిస్తే ముఖం చిన్నబోయింది. ఆ మాట ఇక్కడ చాలామందికి మొరటుగా వినిపిస్తుందట. దగ్గరివాళ్లని ‘తు’ అంటారు, పెద్దవాళ్లని ‘సెన్యోర’ అనో, పేరు పెట్టో అడుగుతారు. మనం నువ్వు, మీరు అనకుండా ‘పిన్నిగారు కాఫీ తాగుతారా’ అని ఎదురుగానే అడుగుతాం చూడు, అలా. మర్నాడు వెళ్లి సరిగ్గా పిలిచాను. నవ్వి లోపలికి రమ్మంది, అనాసపండు కోసి పెట్టింది. ఆవిడ దాన్ని ‘అననాష్’ అంది. సావ్ పావులోలో అదే పండు ‘అబకషి’. బాల్చీ, మేస్త్రీ, బొత్తాం లాగే మన అనాస కూడా వీళ్ల ఓడలతో వచ్చిన మాటే కదా. అంత దూరాన మన మాట విన్నట్టయి ప్రాణం లేచొచ్చింది.

మా టీంలో లువాండా నుంచి వచ్చిన అంగోలా కుర్రాడున్నాడు. అతని మాట నాకు బాగా తెలుస్తుంది, అచ్చులు మింగడు. టిఫినుని ‘మాతబీషు’ అంటాడు, అంటే పురుగుని చంపడం. మొజాంబిక్‌లోనూ అదే మాట. మనకి కడుపులో ఎలుకలు పరిగెడితే వాళ్లకి పురుగు తొలుస్తుందన్నమాట! 2014 జనాభా లెక్కల ప్రకారం అంగోలాలో 71 శాతం మంది ఇంట్లో పోర్చుగీసు మాట్లాడతారు. అక్కడి కింబుందు భాషలోని ‘బువే’, అంటే ‘చాలా’ అనే మాట, ఇప్పుడు లిస్బన్ కుర్రాళ్ల నోట రోజూ వినిపిస్తుంది. బ్రెజిల్‌లో కడగొట్టు బిడ్డని ‘కసూల’ అంటారు, అదీ కింబుందు మాటే. ఓడల్లో బానిసలుగా తరలించిన మనుషులు మోసుకెళ్లిన మాట రా అది. తెలిసిన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక్కడ కొందరు బ్రెజిల్ వాళ్లది సరైన పోర్చుగీసు కాదంటారు. ఇక్కడి పిల్లలు యూట్యూబ్‌లో బ్రెజిల్ వీడియోలు చూసి గడ్డిని ‘రెల్వ’ అనకుండా ‘గ్రామ’ అంటున్నారని 2021లో పత్రికలకెక్కింది. ఇరవై కోట్లమంది మాట తప్పెలా అవుతుంది? పైగా ఈ అచ్చులు మింగడం పోర్చుగల్‌లోనే తర్వాత వచ్చిన మార్పు. బ్రెజిల్ నోట అవి నిలిచాయి.

‘సరైన పోర్చుగీసు కాదు’ అని ఎవరైనా అన్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. హాస్టల్ మెస్సులో నువ్వు ‘ఉల్లిగడ్డ’ అంటే మా గుంటూరు బ్యాచ్ అంతా నవ్వాం. నేనూ నవ్వాను. నువ్వు ఆ తర్వాత కొన్ని నెలలు మా ముందు ఆచితూచి మాట్లాడావు. అప్పుడు నాకది పట్టలేదు, క్షమించరా.

డిసెంబరులో మూడు వారాలు వస్తున్నాను. ముందు మీ కరీంనగర్‌కే వస్తా. సర్వపిండి చేసి పెట్టమని అమ్మతో చెప్పు.

నీ రూమ్మేటు