మురుగునీరు ఎవరిది?

అందరికీ నమస్కారం. మన ఇళ్ల నుంచి వెళ్లే మురుగునీరు ఎవరిది, మనల్ని అడక్కుండా దాన్ని టెస్ట్ చేయవచ్చా అని నిన్న గ్రూపులో వచ్చిన ప్రశ్నకు నాకు తెలిసింది రాస్తున్నాను.

ఇంటి పైపు దాటి పబ్లిక్ డ్రైనేజీలో కలిశాక ఆ నీరు నాదని వాదించడం కష్టం. ఇంటి బయట పెట్టిన చెత్త సంచిని పోలీసులు వారెంట్ లేకుండానే వెతకవచ్చని 1988లో అమెరికా సుప్రీంకోర్టు గ్రీన్‌వుడ్ కేసులో చెప్పింది. మురుగునీటికీ ఇదే వర్తిస్తుందనేవాళ్లున్నారు. నేనైతే ఒప్పుకోను. సంచిలో ఏం వేయాలో మనం చూసుకోవచ్చు, టాయిలెట్ ఫ్లష్ చేయకుండా ఎవరుండగలరు?

ఊరంతటి మురుగునీరు చేరే శుద్ధి ప్లాంటు దగ్గర శాంపిల్ తీస్తే పెద్దగా భయం లేదు. పోలియో, కోవిడ్ జాడ అలాగే పట్టుకుంటారు, మంచిదే. ఒక్క బిల్డింగ్ మ్యాన్‌హోల్ దగ్గర తీస్తేనే టెన్షన్. 2020 ఆగస్టులో అరిజోనా యూనివర్సిటీ ఒక హాస్టల్ మురుగునీటిలో వైరస్ కనబడగానే అక్కడున్న 311 మందికీ టెస్టులు చేసి, లక్షణాలే లేని ఇద్దరిని గుర్తించింది. ఆ రోజు దానివల్ల మేలే జరిగింది. కానీ అదే నీటిలో మనం వేసుకునే మందుల ఆనవాళ్లు, డ్రగ్స్ జాడలు, మన డీఎన్‌ఏ కూడా ఉంటాయి.

కాబట్టి మీరు ఉండేచోట ఇలాంటి టెస్టింగ్ పెడితే, శాంపిల్ ఎక్కడ తీస్తారు, ఫలితం పోలీసులకో ఇంటి ఓనరుకో వెళ్తుందా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు వస్తే ఇక్కడ పెట్టండి.