మన తెలుగు ప్రార్థన సహవాసం, రాయగడ: ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు. ఈ రిపోర్ట్ నాకు అప్పజెప్పి రెండు నెలలైంది, ప్రతి శుక్రవారం సిస్టర్స్ "బ్రదర్, రాసేరా" అని అడుగుతూనే ఉన్నారు, ఏడాదంతా నేర్చుకున్న పాఠం నామీదే ప్రయోగించినట్టున్నారు, సరే రాసేస్తున్నా.

ఈ ఏడు మన టాపిక్ ఒక్కటే, విసుక్కోకుండా ప్రార్థన చెయ్యడం. ఎందుకంటే పోయిన వర్షాకాలంలో శుక్రవారం కూటానికి ఏడుగురమే మిగిలాం, తెల్లారి 5 గంటల చైన్ ప్రార్థనకైతే గ్రూప్‌లో ఆమేన్ అని పెట్టేసి మళ్ళీ ముసుగుతన్ని పడుకోవడమే (నేనూ అందులో ఒకడినే).

పిల్లల తెలుగు క్లాస్ మొదలుపెట్టాం. మన పిల్లలు ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతారు గానీ బైబిల్ చేతికిస్తే చదవలేరు. లూకా 11 కూడబలుక్కుని చదువుతూ ఒక పాప "సిగ్గుమాలి అంటే ఏటి?" అని అడిగింది. అర్ధరాత్రి తలుపు కొట్టి మూడు రొట్టెలడిగే స్నేహితుడి కథ అది, లోపలాయన పిల్లలతో పడుకునున్నాను లేవలేనంటాడు, మన ఒక గది ఇళ్ళల్లో చాపల మీద అందర్నీ దాటుకుని తలుపు తియ్యడమంటే తెలుసు కదా. వాళ్ళ నాన్నమ్మ వెనకనుంచి "లాజ నేకుండా అడగడమే" అని ఒడియా మాట కలిపి చెప్పేసింది. పట్టుదల అని ఎన్నో ప్రసంగాలు విన్నాం గానీ ఆ పాపకి ముందర అర్థమైంది, మాకు తర్వాత.

లూకా 18లో న్యాయం కోసం ఒక న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ వెళ్ళిన విధవరాలి కథ మీద రెండు వారాలు వాదన నడిచింది. దేవుణ్ణి కూడా ఆ న్యాయాధిపతిలా విసిగిస్తేగానీ పలకడా అని కొందరు. కాదు, దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచెయ్యని ఆయనే చివరికి తీర్పు ఇస్తే దేవుడు మరెంత ఇస్తాడన్నది యేసు మాట అని పాస్టర్ అయ్యగారు చెప్పారు. ఇంకోటి, ఆమె అడిగింది న్యాయం, ఇంటి స్థలం కాదు. ఇది నేను కాస్త గట్టిగానే అన్నాను, ఎవరైనా నొచ్చుకుంటే క్షమించండి. మత్తయి 6లో ఊరికే మాటలు పెంచొద్దని కూడా ఉంది కాబట్టి మైక్‌లో అరగంట ప్రార్థనలు తగ్గించాం.

అసలు పని జరిగింది మనవుల పుస్తకం వల్ల. ఇంతకుముందు మనవి చెప్తే అందరం ఆమేన్ అనేవాళ్ళం, వచ్చే వారానికి కొత్త లిస్ట్, పాతది ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు జవాబు వచ్చేదాకా కొట్టెయ్యం, పాతవే ముందు చదువుతాం. వైజాగ్‌లో ఉన్న కొడుకు ఫోన్ చెయ్యడం మానేశాడని ఒక సిస్టర్ రాయించారు, ఆమెతో ఎవరో నీకు విశ్వాసం చాలలేదు అన్నారట, అలాంటి మాటలు ఇక వద్దని కమిటీ తరఫున చెప్తున్నాం. పాతకాలపు పెద్ద క్రైస్తవ బోధకుడు అగస్టీను తల్లి మోనిక ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థిస్తేగానీ కొడుకు 387లో మిలానులో బాప్తిస్మం తీసుకోలేదు, అదే ఏడాది ఆమె చనిపోయింది. ఆమెకి మాత్రం విశ్వాసం తక్కువా?

ఒక బ్రదర్ భార్య కోసం దానియేలులా 21 రోజులు ఉపవాసం ఉన్నాం, సెప్టెంబర్‌లో ఆమె ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. ఆ శుక్రవారం పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను, ఆ లైన్ కొట్టెయ్యాలో వద్దో తెలీలేదు. పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ తియ్యమని మూడుసార్లు అడిగినా అది పోలేదని, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా మూడుసార్లే అడిగారని అయ్యగారు మెల్లగా చెప్పారు, ఇంకేం చెప్పలేదు. తర్వాతి వారం ఆ బ్రదరే వచ్చి "దాన్ని అలాగే ఉంచండి, కింద పిల్లల పేర్లు రాయండి" అన్నారు.

నవంబర్‌లో బిసంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్‌కి వెళ్ళాం, డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టింది అది. పేషెంట్లు ఎక్కువమంది కువి (కొంధుల భాష), ఒడియా మాట్లాడేవాళ్ళు, మన ఒడియా అంతంతమాత్రం, పక్కన కూర్చుని తెలుగులోనే ప్రార్థించాం, ఒక ముసలమ్మ మావాళ్ళ చెయ్యి వదల్లేదు.

క్రిస్మస్ ఎప్పట్లాగే జరిగింది. లెక్కలు ట్రెజరర్ గారు చదువుతారు. మనవుల పుస్తకం నిండిపోయింది, కొత్తది కొన్నాం, తీరని పాత మనవులన్నీ అందులోకి ఎక్కించాలి, తెలుగు చేతిరాత బాగున్నవాళ్ళు ఇద్దరు కావాలి, శుక్రవారం కాస్త ముందే రండి.