సంఘం వార్షిక నివేదిక: రెండేళ్ల మనుషులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశానికి తొమ్మిది మంది వచ్చారు. అందులో ఏడుగురం కార్యవర్గమే. మిగిలిన ఇద్దరిలో ఒకరు ఉగాదికి ఇచ్చిన ఇడ్లీ పాత్ర తిరిగి పట్టుకెళ్లడానికి వచ్చారు. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో "సంఘాన్ని కొనసాగించాలా, కాన్సస్ సిటీ తెలుగు సంఘం వారితో కలిపేయాలా" అని ఒక అంశం రాసి ఉంది. దాని ఎదురుగా తీర్మానం గడి ఖాళీ. ఆ గడి నిండడానికి నాలుగు నెలలు పట్టింది. ఎలా నిండిందో చెప్పడానికే ఈ నివేదికలో ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. పండుగల వివరాలు కోరేవారు చివరి పేరాలకు వెళ్లవచ్చు.

మన ఇబ్బంది కొత్తది కాదు. కాన్సస్ రాష్ట్రంలోని ఈ మ్యాన్‌హాటన్‌కు (న్యూయార్క్‌లోని మ్యాన్‌హాటన్ అనుకుని ఇంటిదగ్గరివాళ్లు మురిసిపోయే ఊరు) తెలుగువాళ్లు వచ్చేది ప్రధానంగా యూనివర్సిటీ కోసం. ఎమ్మెస్ పిల్లలకు మొదటి ఏడాది గది, బస్సు, చలికోటు, ప్రొఫెసరుగారి చూపు, వీటితోనే సరిపోతుంది. రెండో ఏడాది ఉద్యోగాల వేట. మూడో ఏడాది డాలస్. ముగ్గుల పోటీ ఎలా నడపాలో తెలిసినవాళ్లు మరుసటి సంక్రాంతికి ఊళ్లో ఉండరు. "నిలబడే మనుషులు లేరండీ" అని ప్రతి కార్యవర్గమూ అంటూనే దిగిపోయింది. ఆ సమావేశంలో అదే మాట నేనూ అన్నాను.

దానికి జవాబిచ్చింది మన పెద్దాయన. (సభ్యుల పేర్లు నివేదికలో వేయకూడదని తీర్మానం ఉంది కనుక అందరం పిలిచినట్టే పిలుస్తున్నాను.) రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదివి, ఎనభైల్లో ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. "ఈ ఊళ్లో కూర్చుని ఆ మాట అనకూడదమ్మా. స్నైడర్ గారు జట్టును నిలబెట్టిందే రెండేళ్ల మనుషులతో" అన్నారు.

మాలో సగం మందికి స్నైడర్ అంటే ఐ-70 హైవే దిగి ఊళ్లోకి వచ్చే రోడ్డు. ఇంకొందరికి స్టేడియం. ఇక్కడి యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా చేసిన మనిషని తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఆగస్టు చివర, కొత్త పిల్లలు దిగిన రెండో వారంలో, పెద్దాయన చేత ఒక సాయంత్రం మాట్లాడించాలనుకున్నాం. తెలుగు సంఘం డబ్బుతో అమెరికన్ ఫుట్‌బాల్ ముచ్చట్లేమిటని కోశాధికారి గారు అడ్డుచెప్పారు. ధర్మమైన ప్రశ్నే. పెద్దాయన తన పద్ధతిలో సమాధానం చెప్పారు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అమెరికా సహాయ పథకం కింద దానికి తోడు నిలిచింది ఈ కాన్సస్ స్టేట్ యూనివర్సిటీయే. ఇక్కడి ఆచార్యులు అక్కడికి, అక్కడి శాస్త్రవేత్తలు ఇక్కడికి వచ్చి పోయారు. "ఈ ఊరితో మన చుట్టరికం ఈ సంఘం కన్నా పాతది. చుట్టాల ఇంటి కథ తెలుసుకుంటే తప్పేమిటి?" అన్నారు. మిరపకాయ బజ్జీల ఖర్చు మంజూరయింది.

ఆ సాయంత్రం ఆయన చెప్పిన కథ నాకు గుర్తున్నంత మేరకు ఇది.

1988లో కాన్సస్ స్టేట్ జట్టు పదకొండు ఆటలు ఆడి పదకొండూ ఓడింది. అంతకు ముందు ఏడాదీ గెలుపు లేదు, ఒక్క డ్రా తప్ప. ఆ డ్రా కూడా పక్క ఊరి కాన్సస్ యూనివర్సిటీతో 17-17. ఓడడంలో ఒకరికొకరు తీసిపోని రెండు జట్లు కలిసి ఆడితే అంతే అవుతుంది. అగ్రశ్రేణి కాలేజీ జట్లలో అయిదు వందల ఓటములు మొదట పూర్తిచేసిన ఘనతా ఈ జట్టుదే. అప్పుడు స్టేడియానికి వెళ్తే ఎక్కడ కావాలంటే అక్కడ కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని పెద్దాయన అన్నారు. కొత్త పిల్లలు నవ్వారు. ఇప్పుడు ఆట రోజున ఊళ్లో కారు నిలిపే చోటు దొరకదని అప్పటికే వాళ్లకు తెలిసిపోయింది మరి.

అలాంటి చోటికి 1988 నవంబరులో బిల్ స్నైడర్‌ను పిలిచారు. వయసు 49. మిస్సోరిలోని సెయింట్ జోసెఫ్‌లో తల్లి పెంపకంలో పెరిగినవాడు. కాలిఫోర్నియా హైస్కూళ్లలో పిల్లలకు ఆట నేర్పాడు, టెక్సస్‌లో చిన్న కాలేజీలో చేశాడు, ఆ తర్వాత హేడెన్ ఫ్రై అనే కోచ్ దగ్గర శిష్యరికం. గురువుగారు నార్త్ టెక్సస్‌లో ఉంటే అక్కడ, అయోవాకు మారితే అయోవాలో పదేళ్లు. పెద్ద జట్టుకు తానే ప్రధాన కోచ్‌గా ఉండడం అదే మొదటిసారి. బాగున్న చోటు వదిలి ఇక్కడికి రావడాన్ని తెలిసినవాళ్లు తెలివైన పని అనుకోలేదు.

1989లో మొదటి మూడు ఆటలూ పోయాయి. సెప్టెంబరు 30న నార్త్ టెక్సస్ వచ్చింది, అంటే ఆయన ఒకప్పుడు పనిచేసిన కాలేజీయే. ఆట ఆఖరి క్షణంలో, గడియారం అయిపోతుండగా, కార్ల్ స్ట్రా విసిరిన బంతిని ఫ్రాంక్ హెర్నాండెజ్ గీత అవతల పట్టుకున్నాడు. 20-17. ముప్ఫై ఆటల తర్వాత గెలుపు. పెద్దాయన ఆ రోజు స్టేడియంలో ఉన్నారట. "మా వరసలో ఎవరూ వెంటనే లేచి నిలబడలేదు. గెలిస్తే ఏం చేయాలో మరిచిపోయాం" అన్నారు. పక్కనున్న ముసలాయన ఒకరు రెండుసార్లు అడిగారట, అయిపోయినట్టేనా అని. ఈ ఒక్క ఆట దగ్గర పెద్దాయన చాలాసేపు ఆగారు. ఆ ఏడాది మిగతా ఆటలన్నీ ఓటములే: ఒకటి గెలిచి, పది ఓడారు.

తర్వాతి గెలుపుల లెక్క బోర్డు మీద రాశారు. 1990లో 5, 1991లో 7, 1992లో మళ్లీ 5, 1993లో 9. ఆ 1992 అంకె చుట్టూ సున్నా చుట్టి, "ఇక్కడ ఊరంతా అయిపోయిందనుకుంది" అన్నారు. మరుసటి ఏడాది కాపర్ బౌల్‌లో వయోమింగ్‌ను 52-17తో ఓడించారు. సీజను చివర బాగా ఆడినవారిని పిలిచి ఆడించే పోటీని బౌల్ అంటారు. కాలేజీ చరిత్రలో ఈ జట్టు బౌల్ గెలవడం అదే మొదలు.

ఇక రెండేళ్ల మనుషుల సంగతి. పేరున్న హైస్కూలు ఆటగాళ్లు ఓడే జట్టుకు రారు. స్నైడర్ జూనియర్ కాలేజీల వైపు చూశాడు. రెండేళ్ల చదువుల చిన్న కాలేజీలవి, కాన్సస్‌లో వాటికి లోటు లేదు. అక్కడి నుంచి వచ్చే పిల్లవాడికి ఇక్కడ ఆడడానికి మిగిలేది సాధారణంగా రెండేళ్లే. నేర్పేసరికి వెళ్లిపోతారని మిగతావాళ్లు ఆ దారిని చిన్నచూపు చూశారు. స్నైడర్ వచ్చిన రోజునే పని అప్పగించాడు. టెక్సస్‌లోని బ్లిన్ కాలేజీ నుంచి వచ్చిన మైకేల్ బిషప్ ఇక్కడ ఆడింది 1997, 1998 సీజన్లు మాత్రమే. ఆ రెండేళ్లలో జట్టు 22 గెలిచి 3 ఓడింది. 1998 నవంబరులో నెబ్రాస్కాను 40-30తో ఓడించింది. అంతకుముందు వరసగా 29 సార్లు నెబ్రాస్కా చేతిలో ఓడిన జట్టు అది. ఆ డిసెంబరులోనే సెయింట్ లూయిస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద పదిహేను పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని 36-33తో ఓడింది. దాంతో జాతీయ టైటిల్ ఆశ పోయింది. ఆ ఆట మాట ఎత్తితే ఈ ఊరి బార్బరు ఇప్పటికీ కత్తెర ఆపుతాడు.

పెద్దాయన పొగడ్తలతో వదిలేయలేదు. సొంత లీగు బయటి ఆటలకు తేలికైన ప్రత్యర్థులను ఎంచుకుంటాడని స్నైడర్ మీద ఏళ్ల తరబడి విమర్శ ఉండేది, అది ఉత్తుత్తి విమర్శ కాదు. నాకు మాత్రం అందులో తప్పు కనపడలేదు. గెలుపు రుచి తెలియని పిల్లలను తొలిరోజునే పులి బోనులోకి పంపడం ఏ కోచ్ చేసే పని? రోజుకు ఒక్కపూటే, అదీ రాత్రి పొద్దుపోయాక, భోంచేసేవాడన్న విషయంలో మాత్రం ఆయనను అనుసరించేది లేదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

2003లో దేశంలో ఒకటో స్థానంలో ఉన్న ఓక్లహోమాను 35-7తో ఓడించి లీగు టైటిల్ తెచ్చాడు. 1934 తర్వాత అదే మొదటిది. అవతలి కోచ్ బాబ్ స్టూప్స్ ఒకప్పుడు స్నైడర్ దగ్గరే సహాయకుడు. ఆ తర్వాత రెండేళ్లు మళ్లీ ఓటములు, 2005లో విరమణ. స్టేడియానికి ఆయన పేరు పెడతామంటే కుటుంబం అనే మాట కలిపితేనే ఒప్పుకున్నాడు. మూడేళ్లలో జట్టు చతికిలపడితే మళ్లీ పిలిచారు. 69 ఏళ్ల వయసులో తిరిగి వచ్చి, 2012లో ఇంకోసారి లీగు టైటిల్ పంచుకునేలా చేశాడు. 2018 దాకా ఉన్నాడు. మొత్తం 27 సీజన్లు, 215 గెలుపులు, 117 ఓటములు, ఒక డ్రా.

సభ ముగిసేముందు ఒక కొత్త అబ్బాయి లేచి, "అయితే మాకిప్పుడే పని చెప్పండి" అన్నాడు. సెప్టెంబరు కార్యవర్గ సమావేశంలో ఆ ఖాళీ గడిలో "కొనసాగించాలి" అని రాశాం. నిబంధన కూడా మార్చాం: ఇకపై ప్రతి పనికీ ఇద్దరు బాధ్యులు, అందులో ఒకరు తప్పనిసరిగా ఆ ఏడాది వచ్చినవారు. సంక్రాంతికి పెద్ద హాలు మాట పక్కనపెట్టి తేలికైనవి ఎంచుకున్నాం. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, పాత చలికోట్లు పోగుచేసి ఇవ్వడం, నెలకోసారి ఇంట్లో వండి తెచ్చుకుని కలిసి తినడం, అంతే.

పాత సభ్యులకు ఉత్తరాలు రాయాలన్న ఆలోచన కూడా స్నైడర్ కథ నుంచి తీసుకున్నదే. ఆయన ఊదారంగు సిరాతో చేతిరాతలో ఉత్తరాలు రాసేవాడు, సొంత ఆటగాళ్లకే కాదు, బాగా ఆడిన, దెబ్బ తగిలిన ఎదుటి జట్టు పిల్లలకు కూడా. మేము పాత రిజిస్టరు తీసి, వెళ్లిపోయిన సభ్యులకు అరవై ఒక్క ఉత్తరాలు తెలుగులో రాశాం. నాలుగు శనివారాలు మా భోజనాల బల్ల మీద పూర్తయిన పని అది. ఎమ్మెస్ పిల్లల్లో ఒకమ్మాయి "క్షేమం" అని రాయడానికి మూడు కాగితాలు పాడుచేసింది. ష వత్తు చేతికి రాక ఏడుపు ముఖం పెట్టింది, నాలుగో కాగితం మీద కుదిరింది. అలిగి వెళ్లిన రెండు కుటుంబాలకూ రాశాం. అందులో తప్పు మాదేనని తెలిసిన చోట ఆ మాటే రాశాం. ఒక కుటుంబం ఉగాదికి వచ్చింది. రెండో వారి నుంచి జవాబు లేదు. మొత్తం పంతొమ్మిది జవాబులు వచ్చాయి, కొన్నింటిలో చెక్కులు కూడా.

నవంబరులో ఇరవై మందిమి ఆట చూడడానికి వెళ్లాం. లోపలికి వెళ్లేముందు కారు వెనక తలుపు ఎత్తి పులిహోర పంచుకున్నాం. పక్క కారు వాళ్లు కాల్చిన మాంసం తెచ్చిచ్చి, పులిహోరలో వేరుశెనగలు ఏరుకుని తిన్నారు. తెనాలి నుంచి వచ్చిన ఒక సభ్యుని తల్లిగారికి ఆట అర్థం కాలేదు. తోసుకోవడం, పడడం, లేవడం, మళ్లీ వరసలో నిలబడడం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలివారిదని కొడుకు చెప్పాడు. "చెడుగుడే కదరా, కూత ఒక్కటే లేదు" అన్నారావిడ. తర్వాత ఆట ముగిసేదాకా, ఆ గాలిలో, రెండు శాలువాలు కప్పుకుని పది గజాల లెక్క పెట్టింది ఆవిడే.

మిగతావి క్లుప్తంగా. సంక్రాంతి చిన్నగా, బాగా జరిగింది. ఉగాదికి వచ్చినవారికి కుర్చీలు చాలలేదు. శ్రీరామనవమి పానకం ఎక్కువై పారబోశాం. పిల్లల తెలుగు తరగతి నాలుగు వారాలకే ఆగిపోయింది. బడి వేళలు చూసుకోకుండా సమయం పెట్టింది నేనే, ఆ తప్పు నాది. ఈసారి ఆదివారం మధ్యాహ్నానికి మారుస్తున్నాం. జమాఖర్చులు విడిగా జతచేశాం. కోశాధికారి గారు రెండుసార్లు కూడి చూశారు.

ఈ మే నెలలో కార్యవర్గంలో నలుగురం ఊరు వదులుతున్నాం. మా స్థానాలకు పేర్లు ఇచ్చినవారిలో ముగ్గురు కిందటి ఆగస్టులో దిగినవాళ్లు. ఎన్నిక సర్వసభ్య సమావేశం రోజునే. ఆ రోజు కాన్సస్ సిటీ వైపు నుంచి ఎవరైనా వస్తుంటే అక్కడి కొట్లో ఎండు వేపపువ్వు దొరుకుతుందేమో చూసి తీసుకురండి. ఈ ఉగాదికి మెంతులతో సరిపెట్టాం, తెనాలి పెద్దావిడ ఇంకా మరిచిపోలేదు.

కార్యదర్శి