మోకాలి గురించి కాదు

బొల్లారం,
14 డిసెంబర్ 2025

చిరంజీవి ప్రవీణ్‌కు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం తెలిసి పద్దెనిమిది రోజులైంది. ఎప్పుడు ఫోన్ చేసినా "ప్రాక్టీసులో ఉన్నాను నాన్నా, తర్వాత చేస్తాను" అని పెట్టేస్తున్నావు కాబట్టి, మధ్యలో పెట్టేయడానికి వీలులేని పద్ధతి ఇదొక్కటేనని కాగితం తీశాను.

మీ అమ్మకు బి.పి. అదుపులోనే ఉంది. రాణి మళ్ళీ ఆ పాత ఆఫీసుకే వెళ్తోంది. నేను ఏమీ అనలేదు. శీను మామయ్య అల్లుడు కేరళలోని మంజేరి నుంచి వచ్చి మొన్న ఆదివారం మనింట్లో భోజనం చేశాడు. అక్కడి సెవెన్స్ ఫుట్‌బాల్ పోటీల గురించి చాలా చెప్పాడు. కోతలైన పొలాల్లో పోకమానులతో గ్యాలరీలు కట్టి, రాత్రిపూట దీపాల కింద జట్టుకు ఏడుగురేసి ఆడతారట, ఆట ముగియగానే డబ్బు చేతిలో పెడతారట. తన ఫోనులో ఒక వీడియో కూడా చూపించాడు. పసుపు జెర్సీ వేసుకున్న కుర్రాడొకడు, కుడి మోకాలికి నల్ల పట్టీ కట్టుకుని, బంతి తన వైపు రాబోతుండగా ఆ మోకాలిని అరచేత్తో రెండుసార్లు తట్టుకుంటున్నాడు. మైకులో చెబుతున్న పేరు వేరే. అది నీవేనని నేను అనడం లేదు. మీ అమ్మ మాత్రం ఆ వీడియోను నాలుగుసార్లు పెట్టించుకుని చూసి, మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నీ జీతం సంగతి అడగడానికి కూడా ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. జూలైలో ఇండియన్ సూపర్ లీగ్‌ను నిలిపివేసినప్పుడు నెల రోజుల్లో సర్దుకుంటుందని నాకు ధైర్యం చెప్పినవాడివి నీవే. సెప్టెంబరులో మొదలుకావలసిన ఆటలు డిసెంబరు సగం గడిచినా మొదలుకాలేదు, ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నడిపే సంస్థకూ మధ్య ఉన్న పదిహేనేళ్ళ ఒప్పందం ఈ నెల 8తో ముగిసింది. మీ క్లబ్బు జీతాలు ఇస్తోందో లేదో నీవు చెప్పలేదు. అయితే ప్రతి నెలా మొదటి వారంలో ఒకేసారి అమ్మ ఖాతాలో పడే డబ్బు, నవంబరులో మూడు విడతలుగా, మూడూ సోమవారాలే పడింది. ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు రాసినవాణ్ణి, శని, ఆదివారాల రాత్రుల్లో నీకు ఏ జీతం వస్తుందని నేను అనుకోవాలి?

మీ తాతయ్య ఉన్నప్పుడు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేరెత్తకుండా మన ఇంట్లో ఫుట్‌బాల్ మాట నడిచేది కాదు. ఇరవై ఏళ్ళకు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళి, 1960లో రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు చేసి, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచిన జట్టులో నిలిచిన మనిషి. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆట ఆపేశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళయినా నిండలేదో, అప్పుడే నిండాయో. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. గోలు చేసిన రోజులు ఏడెనిమిదేళ్ళు, ఆ తర్వాత బతికిన రోజులు అరవై ఏళ్ళు. తాతయ్య రోమ్ గోల్స్ గురించి చెప్పేవారు, నేను ఈ మధ్య ఆ అరవై గురించే ఆలోచిస్తున్నాను. ఆయనది జబ్బు, ఎవరి చేతిలోనూ లేనిది. మోకాలు అలాంటిది కాదు.

సికింద్రాబాదులోనే పుట్టిన సునీల్ ఛెత్రి సంగతి నాకు చెప్పవద్దు, నాకూ తెలుసు. 2009లో ఇంగ్లండు క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు వెళ్దామంటే బ్రిటన్ పర్మిట్ దొరకలేదు, తర్వాత అమెరికాలోనూ పోర్చుగల్‌లోనూ ఎక్కువ కాలం నిలవలేదు. అయినా 2024లో దేశం తరఫున వీడ్కోలు తీసుకున్నవాణ్ణి, ఆయన తర్వాత గోల్స్ చేసే మనవాడు కనిపించక, 2025 మార్చిలో నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచారు, మాల్దీవుల మీద 95వ గోలు కూడా చేశాడు. అందరూ ఆ గోల్స్ లెక్కపెడతారు. నేను లెక్కపెట్టేది ఆయన మానేసిన తిళ్ళనూ, పడుకున్న గంటలనూ. నీవు రాత్రి పన్నెండింటికి పొలంలో ఆడి, పరోటా తిని పడుకుంటే (నీవని అనడం లేదు) ఆ కాళ్ళు ఎన్నేళ్ళు వస్తాయి? డిఫెండరైతే చోటు చూసుకుని నిలబడి కొన్నాళ్ళు నెట్టుకురాగలడు. ఫార్వర్డ్‌కు మొదటి మూడు అడుగుల వేగమే అన్నం పెడుతుంది. పైగా మైదానంలో నలుగురు విదేశీయులకు అనుమతి ఉన్న లీగులో క్లబ్బులు గోలు ముందర వాళ్ళనే నిలబెట్టి మన పిల్లల్ని వింగ్‌కో బెంచీకో పంపుతుంటే, నీకు ఆ మధ్య స్థానం దొరకడానికి ఆరేళ్ళు పట్టింది.

1986 ఫిబ్రవరిలో మా ఆఫీసుల మధ్య పోటీ ఫైనలు. నాకు అప్పటికి వారం నుంచి కుడి మోకాలు వాచి ఉంది. ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆ ఫైనలు బాగా ఆడినవాళ్ళను పెద్ద జట్టుకు తీసుకుంటారని అనుకున్నాం. ఉదయమే ఒక కాంపౌండరు దగ్గరికి వెళ్ళి, నొప్పి తెలియకుండా సూది వేయించుకుని, పదిహేను రూపాయలిచ్చి వచ్చాను. మొదటి సగంలో నిజంగానే నొప్పి తెలియలేదు. అదే నాకు ముప్పు తెచ్చింది. కాలు ఎంతవరకు తిరగగలదో చెప్పేది ఆ నొప్పే కదా. రెండో సగంలో బంతి నా ముందుకు దొర్లింది, గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు. ఎడమవైపు తిరగబోయాను. పాదం నేలలో దిగబడి ఉండిపోయింది, పైనున్న నేను తిరిగాను. ఎండిన కట్టె విరిచినట్టు చప్పుడు. ఆ బంతి ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. ఎన్నడూ నా ఆట చూడని మీ తాతయ్య ఆ రోజే వచ్చి, తాడు అవతల గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. రిక్షాలో పక్కన కూర్చున్నారు, ఇంటిదాకా ఒక్క మాట లేదు. మధ్యలో రిక్షా ఆపించి నాకు నిమ్మకాయ సోడా మాత్రం తాగించారు. నాయనమ్మ నెల రోజులు వావిలాకు కాపడం పెట్టింది. నేను మెట్లు ఒక్కొక్కటిగా ఎందుకు దిగుతానో నీవు చిన్నప్పుడు అడిగితే వయసు అని చెప్పాను. నాకు అప్పుడు నలభై మూడేళ్ళు.

ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను. ఒక్క విషయం చెప్పి ఆపేస్తాను. బయటి ఆటలు ఆడరాదన్న నిబంధన నీ ఒప్పందంలో ఆరో పేజీలో ఉంది, సంతకం చేసిన రోజు నీవే చదివి వినిపించావు. అక్కడ దెబ్బ తగిలితే క్లబ్బు డాక్టరు ముఖం చూడడు, ఇన్సూరెన్సు రాదు. డబ్బు కావాలంటే అడుగు. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ మార్చిలో తీరుతుంది, ముందే తీసుకుంటే పోయేది కాస్త వడ్డీ. ఇంటికి పంపడం మానేస్తే మేమేమీ పస్తులుండం.

అమ్మ నువ్వుల ఉండలు, కరివేపాకు పొడి, కాపడానికి రబ్బరు సంచి సర్దింది. పార్సిల్ చేయవద్దన్నాను. 22వ తేదీకి పాలక్కాడులో శబరి ఎక్కేటట్టు నీ పేరున టికెట్టు తీశాను. కింది బెర్తు అడిగితే మధ్యది వచ్చింది, ఎవరినైనా బతిమాలి మార్చుకో, పైకి ఎక్కవద్దు. స్కానింగ్ తీయించి ఉంటే ఆ ఫిల్ములు సంచిలో మడవకుండా పెట్టుకో. దారిలో చలిగా ఉంటుంది, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకో.

స్టేషన్‌కు నేనే వస్తాను. నీవు ఏమీ చెప్పనక్కరలేదు, బండి దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడతావో చూస్తాను.

ఇట్లు,
నాన్న