డీబగ్ అడాప్టర్ ఫర్మ్‌వేర్‌ను విద్యార్థులతోనే తయారు చేయించాలి

సంపాదకులకు,

ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలల్లో చాలాచోట్ల డీబగ్ అడాప్టర్‌ను (కంప్యూటర్ నుంచి మరో చిప్‌లోని ప్రోగ్రామును ఆపి పరిశీలించేందుకు మధ్యలో పెట్టే పరికరాన్ని) లోపల ఏముందో చెప్పకుండానే వాడిస్తున్నారు. ఎంబెడెడ్ సిస్టమ్స్ బోధించే నాకు ఇది బాధగా ఉంది. ఆ అడాప్టర్‌లో ఉన్నదీ ఒక మైక్రోకంట్రోలరే, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటరే. దాని ఫర్మ్‌వేర్‌ను (అందులో నడిచే ప్రోగ్రామును) విద్యార్థి స్వయంగా కంపైల్ చేసి ఎక్కించగలడు.

2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డునే తీసుకోండి. దాన్ని డీబగ్ అడాప్టర్‌గా మార్చే ‘డీబగ్‌ప్రోబ్’ ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. సబ్‌మాడ్యూళ్లతో (అది ఆధారపడే ఇతర కోడ్ భాగాలతో) సహా దించుకుని, సీమేక్ అనే బిల్డ్ సాధనం, ఆర్మ్ కంపైలర్‌తో బిల్డ్ చేస్తే బోర్డులోకి ఎక్కించే యూఎఫ్2 ఫైలు వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ ఐచ్ఛికమూ ఇవ్వకపోతే ఆ ఫైలు విడిగా అమ్మే డీబగ్ ప్రోబ్ పరికరానికి తయారవుతుంది. దాని పిన్నులు వేరు. పికో కోసమైతే ‘డీబగ్ ఆన్ పికో’ ఐచ్ఛికాన్ని ఆన్ చేయాలి. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ తగిలిస్తే బోర్డు యూఎస్‌బీ డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఫైలును అందులోకి కాపీ చేస్తే చాలు. బూట్ ప్రోగ్రాము చిప్‌లో చెరపలేని రోమ్‌లో ఉంటుంది కనుక, తప్పు ఫైలు ఎక్కించినా మళ్లీ మొదలుపెట్టవచ్చు. భయపడే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఇదే.

పికోలోని జీపీ2 పిన్ను నుంచి క్లాక్, జీపీ3 పిన్ను నుంచి డేటా, తోడుగా గ్రౌండ్. ఈ మూడు తీగలతో కంప్యూటర్‌లోని ఓపెన్‌ఓసీడీ అనే డీబగ్ ప్రోగ్రాము మరో చిప్‌ను నడుస్తుండగానే ఆపి, రిజిస్టర్లను (చిప్ లోపలి చిన్న జ్ఞాపక స్థానాలను) చూపిస్తుంది. లినక్స్‌లో అనుమతి లేదన్న సందేశం వస్తే యూడెవ్ నియమం (ఆ పరికరాన్ని వాడేందుకు అనుమతినిచ్చే అమరిక) చేర్చాలి, పరికరం చెడిందనుకోవద్దు.

సిలబస్ రూపొందించేవారు దీన్ని తొలి ప్రయోగాల్లోనే చేర్చాలి. మీ సైన్స్ పేజీలోనూ చోటివ్వాలని కోరుతున్నాను.

– ఒక ఎంబెడెడ్ సిస్టమ్స్ అధ్యాపకురాలు