కొత్త పిల్లల గురించి అడిగితే సాయం చేసిన అందరికీ థాంక్స్

వేరే దేశాల నుంచి వచ్చి మా క్లాసులో చేరిన, ఇక్కడి భాష రాని పిల్లలకి ఎలా పాఠం చెప్పాలి అని నేను అడిగినప్పుడు అంత ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, విడివిడిగా రాద్దామనుకున్నా గానీ కుదరట్లేదు అందుకే ఇలా.

ముందు స్పెషల్ ఎడ్యుకేటర్ మేడంకి. నోరు విప్పట్లేదు కదా స్లో లెర్నర్స్ గ్రూపులో వేసేద్దాం అని స్టాఫ్‌రూంలో అంటుంటే, భాష రాకపోవడం వేరు చదువు రాకపోవడం వేరు, ముందు వాళ్ళ సొంత భాషలో లెక్కలిచ్చి చూడండి అన్నారు మీరు. ఇచ్చాం. ఖాళీ పేపర్ ఇచ్చే పాప భిన్నాలన్నీ టకటకా చేసి పడేసింది! ఇంకో బాబుకి మాత్రం సొంత భాషలో చదవడం కూడా కష్టంగానే ఉంది, అంటే వాడికి కావాల్సిన సాయమే వేరు. మీరు చెప్పకపోతే ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు.

జిమ్ కమిన్స్ (రెండో భాషలో చదువుకునే పిల్లల మీద పరిశోధన చేసినాయన) రీసెర్చ్ గురించి రాసిన సార్‌కి కూడా. కబుర్లు చెప్పుకునే భాష రెండేళ్ళలో వచ్చేసినా పాఠం అర్థం చేసుకుని రాసే భాషకి 5 నుంచి 7 ఏళ్ళు పట్టొచ్చు అన్నది చూపించాక "గ్రౌండ్‌లో బానే మాట్లాడుతున్నాడుగా, ఇంకా సపోర్ట్ క్లాసెందుకు" అనే గొడవ ఆగింది (ప్రస్తుతానికి).

జిగ్‌సా పద్ధతి అయితే సూపరండి. 1971లో అమెరికాలో ఆస్టిన్ స్కూళ్ళలో నల్ల తెల్ల పిల్లల్ని కలిపి కూర్చోబెట్టాక గొడవలొస్తుంటే ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్ట్ వాళ్ళు మొదలుపెట్టారట. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో తలా ఒకటి ఇస్తాం, ఎవరి ముక్క వాళ్ళే మిగతావాళ్ళకి చెప్పాలి, కానీ అంతకుముందు అదే ముక్క వచ్చిన వేరే గ్రూపుల పిల్లలతో కూర్చుని ప్రాక్టీస్ చేసుకోవచ్చు, ఆ ప్రాక్టీస్ వల్లే కొత్త పిల్లలకి ధైర్యం వస్తోంది. బొమ్మ గీసి చెప్పినా ఓకే అన్నాం. వాళ్ళు చెప్తేనే పాఠం పూర్తవుతుంది కాబట్టి ఎప్పుడూ పట్టించుకోని పిల్లలు కూడా ఆగి వింటున్నారు.

పేరెంట్స్ మీటింగుకి పిల్లాడినే దుబాసీగా పెట్టొద్దు, ఇంట్లో సొంత భాష మానెయ్యమని అస్సలు చెప్పొద్దు అన్న అక్కకి స్పెషల్ థాంక్స్. ఇంట్లో మీ భాషే మాట్లాడుకోండి అన్నాక ఓ పిల్లాడి తల్లి మొహం వెలిగిపోయింది నిజంగా.

పిక్చర్ కార్డులు పంపినవాళ్ళకి, వాటి వెనకాల పిల్లలే తమ భాషల్లో ఆ బొమ్మల పేర్లు రాసేస్తున్నారు, అన్నీ నిండాక ఫొటోలు పెడతా. పరీక్షల్లో వీళ్ళకి ఎక్స్‌ట్రా టైం ఇప్పించినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా అడిగారో కాస్త చెప్పండి ప్లీజ్.